ముడుపులో మాత్రలు

పోయిన వారం ఓబమ్మను మోకాలి లోతు బురదలోంచి లేపి, గట్టు మీద కూర్చోబెట్టి, జబ్బకు నల్ల పట్టీ చుట్టించి, ఆ పట్టీలోకి గాలి ఎక్కుతూ ఉండగా వదిలేసి పోయాం. వారం రోజులుగా ఆ జబ్బ అలాగే బిగుసుకుని ఉందేమోనని దిగులు పడ్డవాళ్లు ఉంటే నన్ను మన్నించాలి. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకు రెండు ముక్కలు చెప్పి ఆ పట్టీ విప్పేస్తాను.

సిరుగుప్పకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో, కాలువ కింద ఉన్న ఊరు అది. ఆ ఊళ్లో నాట్ల గుంపుకు పెద్ద మన ఓబమ్మ. పద్దెనిమిది మంది ఆడవాళ్లు ఆమె పాట మీద నాటుతారు. ఆమె ఒక చరణం ఎత్తుకుంటే వాళ్లు అందుకుంటారు. పాట నడిచినంతసేపు చేతులు ఒక్కసారే లేస్తాయి, ఒక్కసారే మునుగుతాయి, సాలు వంకర పోదు. ఈ పాట ఆమెకు అక్క మద్దమ్మ దగ్గరి నుంచి వచ్చింది. మూడేళ్ల కిందట మద్దమ్మ పాడుతూ పాడుతూ మడిలోనే కూలిపోయింది. కుడిపక్క చచ్చుబడింది, మాట పోయింది. బీపీ వల్ల వచ్చిన పక్షవాతమని బళ్లారిలో డాక్టర్లు చెప్పారు. పోయిన దీపావళికి ఓబమ్మకూ బీపీ ఉందని తేలింది. అప్పటి నుంచి కోడలు గౌతమి రోజూ పొద్దున్నే ఒక తెల్ల మాత్ర అత్త అరచేతిలో పెట్టి, చెంబుతో నీళ్లు అందించి, తాగేదాకా ఎదురుగా నిలబడుతోంది. అయినా పోయిన వారం మడి దగ్గరికే మిషను పట్టుకుని వచ్చిన నర్సు రాజశ్రీ ముఖం అంకెలు చూడగానే ఎందుకు మారిందన్నదే మన ప్రశ్న.

అంకెలు ఇవి. పైది నూట తొంభై రెండు, కిందిది నూట పది. రాజశ్రీ ఐదు నిమిషాలు ఆగి రెండోసారి చూసింది. పెద్దగా తగ్గలేదు.

"ఓబమ్మా, గుళిగెలు మింగుతాండావా లేదా? నిజం చెప్పు." మాత్రలను ఆ సీమలో గుళిగెలనే అంటారు.

"మింగుతాండా మేడం. కావాలంటే మా కోడలిని అడుగు," అంది ఓబమ్మ చిరునవ్వుతో.

"నేనే ఇస్తాండా మేడం, ఒక్క దినం తప్పలేదు," అంది బువ్వ క్యారియరు పట్టుకుని నిలబడ్డ గౌతమి. రాజశ్రీ ఆ పిల్ల వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో కాస్త అనుమానం ఉంది. గౌతమికి చివుక్కుమంది.

"ఈ గుళిగెకు కొందరికి పొడిదగ్గు వస్తాది. నీకేమన్నా దగ్గుండాదా ఓబమ్మా? ఉంటే దాపెట్టొద్దు. డాక్టరు ఏరేది రాసిస్తారు. బీపీకి ఇదొక్కటే కాదు, శానా రకాలుండాయి."

"దగ్గా? అస్సలు లేదు." అది నిజమే. దగ్గు పోయి రెండు నెలలైంది.

"తలనొప్పి? కళ్లు తిరిగేది?"

"ఏం లేదు మేడం. గాలిలో తేలినట్లుండాది. ఇంత సుఖంగా నేనెప్పుడూ లేను."

"అదే నాకు భయం," అంది రాజశ్రీ పట్టీ విప్పుతూ. "బీపీ పెరిగితే నొప్పి ఉండాల్నని ఏం లేదు. లోపల్లోపలే తినేస్తాది. ఇయ్యాల్టికి పని సాకు, ఇంక చాలు. ఇంటికి పోయి పండుకో. రేపు మొదటి బస్సుకే సిరుగుప్ప ఆస్పత్రికి రావాల. నేనూ వస్తా."

నర్సమ్మ స్కూటీ కాలువగట్టు మలుపు తిరిగేదాకా ఓబమ్మ బుద్ధిగా కూర్చుంది. మలుపు తిరగ్గానే లేచి చీర ఎగ్గట్టింది.

"అత్తా!" అంది గౌతమి.

"ఆ మూల ఒక్కటే మే. అరగంట. పాట లేకుండా ఇడిస్తే వీళ్లు సాలు యాడికో తోలుకపోతారు. నువ్వు పోయి కాలవలో క్యారియరు కడుక్కోపో."

కోడలు మూతి ముడుచుకుని కాలువ వైపు వెళ్లింది. ఓబమ్మ మడిలోకి దిగింది.

నాట్లు వేసేవాళ్లు వెనక్కి నడుస్తారు. నాటింది కళ్ల ముందు పచ్చగా పరుచుకుంటూ పోతుంది, నాటవలసింది వీపు వెనక ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఓబమ్మ అలా వెనక్కి నడుస్తూనే ఉంది, ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూసిన గుర్తు లేదు. ఆ పూట ఎండ మెత్తగా ఉంది. గాలి పూర్తిగా పడిపోయింది. మడి నిండా ఆకాశమే. తెల్లటి మబ్బు ఒకటి ఆమె కాళ్ల మధ్యకు వచ్చి నిలబడింది. ఓబమ్మ ఆ మబ్బులోకి చెయ్యి పెట్టి నారు గుచ్చింది. మబ్బు కదిలింది, మళ్లీ కలిసింది. ఇంకో అడుగు వెనక్కి వేసి ఇంకో మబ్బులో గుచ్చింది. కొంగలు పైన ఎగురుతున్నాయో కింద ఈదుతున్నాయో తెలియలేదు. ఆమె కింద ఉందో పైన ఉందో అది కూడా తెలియలేదు. ఏరువాక పున్నమి నుంచి ఆమెకు ఇదే హాయి. ఒంట్లో బరువు లేదు, గొంతులో గరగర లేదు, నోరు తెరిస్తే పాట దానంతట అదే వస్తోంది.

"మబ్బు దిగి రావమ్మ మారెమ్మ తల్లీ
మా మడి నీళ్లల్ల మొగం జూసుకోవే"

పద్దెనిమిది గొంతులు అందుకున్నాయి. చేతులన్నీ ఒక్కసారి మునిగి లేచాయి. ఓబమ్మ రెండోసారి ఎత్తుకుంది. మబ్బు దిగి వచ్చింది, మారెమ్మ తల్లి వచ్చింది, మడి వచ్చింది, నీళ్లు వచ్చాయి. ఆ తర్వాతి మాట రాలేదు.

మాట నాలుక చివర ఉందనిపించలేదు. అసలు అలాంటి మాటే లోకంలో లేనట్లు అనిపించింది. ఓబమ్మ వంగి నీళ్లలోకి చూసింది, జారి అందులో పడిందేమోనన్నట్లు. అదే సమయంలో కుడిచేతిలోని నారుకట్ట వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. పక్క సాలులో ఉన్న శరణమ్మ చటుక్కున చరణం అందుకుని పాట తెగకుండా చూసింది.

"పెద్దమ్మకు ఇయ్యాల నిద్రొస్తాండాది!" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఓబమ్మ కూడా నవ్వింది. తెమ్మెర వచ్చి నీళ్లు వణికాయి. ఆ వణుకుతోపాటు మాట తిరిగి వచ్చింది. మొగం. అవును, మొగం జూసుకోవే. ఇంత చిన్న మాట ఎక్కడికి పోయిందో! ఓబమ్మ కట్ట తీసుకుని మళ్లీ పాడింది. మూల అయిపోయింది, సాలు ఒక్క వెంట్రుక వాసి కూడా వంకర పోలేదు.

ఇంటికి వెళ్లేదారి పొడవునా గౌతమి ఒక్క మాట మాట్లాడలేదు. కురుగోడు నుంచి వచ్చిన పిల్ల, నోట్లో మాట దాచుకునే రకం కాదు. అలాంటి పిల్ల నోరు మూసుకుని నడిస్తే ఏదో ఉడుకుతున్నదని లెక్క. రోజూ నీళ్లు తాగగానే అత్త చెయ్యి నడుము దగ్గరికి పోవడం ఆమెకు గుర్తొచ్చింది. ఇంట్లోకి రాగానే క్యారియరు కింద పెట్టి చెయ్యి చాపింది.

"అత్తా, వక్కాకు సంచి ఇట్లియ్యి."

వక్కాకు సంచి తెలియనివాళ్లకు చెప్పాలి. నాట్లకు పోయే ప్రతి ఆడదాని నడుముకూ ఒక చిన్న బట్ట సంచి ఉంటుంది. దానికి మూడు అరలు. పెద్ద అరలో ఆకులు, నడిమి అరలో వక్కలు, అన్నిటికంటే చిన్న అరలో సున్నం డబ్బీ. భార్య సంచిని భర్త కూడా ముట్టుకోడు. కోడలు అడగడమంటే ఇంట్లో ఉరుము ఉరిమినట్లే.

"ఏంటికి? నీకు వక్క కావాల్నా?"

"నాకు కావాల్సింది నాకు తెలుసు. ఇట్లియ్యి."

ఓబమ్మ ఇవ్వలేదు, అలాగని గట్టిగా పట్టుకోనూ లేదు. గౌతమి తీసుకుని చిన్న అరలో వేలు పెట్టింది. సున్నం డబ్బీ బయటికి వచ్చింది. దాని వెనకాలే, ఆ పొద్దున తను అత్త చేతిలో పెట్టిన తెల్ల మాత్ర కూడా వచ్చింది.

పిల్ల అరుస్తుందని ఓబమ్మ అనుకుంది. అరిచి ఉంటే బాగుండేది. గౌతమి మాత్రను అరచేతిలో పెట్టుకుని గడప మీద కూర్చుండిపోయింది.

"నేను నీ ఎదురుగా నిలబడితి గదా అత్తా. నువ్వు చెంబు ఎత్తితివి, నీళ్లు తాగితివి, గుటక కూడా మింగితివి. నర్సమ్మ నన్ను ఎట్ల చూసిందో చూస్తివా? కోడలే ఎగ్గొడ్తాండాది అనుకునింటాది. అనుకోనీ, పోనీ. నీకేమన్నా అయితే రేపు మీ కొడుకు మొగం నేనెట్ల చూడాల?"

ఓబమ్మకు సిగ్గేసింది.

"తక్కినవి యాడ?"

నోటితో అబద్ధం చెప్పడం నేర్చుకున్నా కళ్లకు ఆ విద్య రాలేదు. ఓబమ్మ కళ్లు దేవుని గూటి వైపు వెళ్లాయి. గూటి పక్క మేకుకు పసుపు గుడ్డ మూట వేలాడుతోంది. ఏరువాక పున్నమి నాడు కాలువగట్టు మారెమ్మకు మొక్కుకుని ఓబమ్మ కట్టిన ముడుపు అది. గౌతమి లేచి అటు వెళ్లింది.

"ముట్టొద్దు మే! మొక్కు తీరకుండా ముడుపు ఇప్పరాదు!"

"ఇప్పను." గౌతమి పై నుంచే వేళ్లతో తడిమింది. గుడ్డలో ఉండాల్సింది పసుపుకొమ్ము, గుప్పెడు బియ్యం, ఒక నాణెం. వేళ్లకు తగిలినవి చిన్న చిన్న గుండ్రటి బిళ్లలు. లెక్కలేనన్ని. ఆ పిల్ల చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"మారెమ్మకు బీపీ గుళిగెలు కడితివా అత్తా?"

ఇంకెక్కడైనా అయితే నవ్వే మాట. ఆ ఇంట్లో ఇద్దరూ నవ్వలేదు.

"పారేస్తే పాపం కాదా?" అంది ఓబమ్మ. మొదలుపెట్టాక మాటలు ఆగలేదు. "మందు గదా అది. యాడబడితే ఆడ ఇసిరేసేదానికి మనసు రాలేదు. ముడి ఇప్పకుండా సందులోంచి రోజుకొకటి అమ్మకే ఇస్తి. తల్లీ, నా బదులు నువ్వు మింగు, నా గొంతు నాకియ్యి అంటి. ఇచ్చింది గదా? మొక్కిన పదిహేను దినాలకు దగ్గు పాయె."

"దగ్గు తెచ్చిందే ఆ గుళిగె అత్తా. దాన్ని నిలిపితివి, దగ్గు నిలిచె. ఇందులో అమ్మ చేసిందేముంది? ఒక్క మాట, దగ్గొస్తాండాది అని ఒక్క మాట చెప్పింటే నర్సమ్మ ఏరేది ఇప్పించింటాది. ఇయ్యాల నీ చెవుల్తోనే ఇంటివి గదా!"

"నాకేం తెలుసు? దగ్గంటే దగ్గుకు ఇంకో గుళిగె ఇస్తారు, దానికి ఇంకోటొస్తాది అనుకుంటి."

ఓబమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. పోయిన సంక్రాంతి తర్వాతి రెండో కారు, అంటే రెండో పంట నాట్లు గుర్తొచ్చాయి. చరణం ఎత్తుకోగానే దగ్గు. ఆగి, నీళ్లు తాగి, మళ్లీ ఎత్తుకుంటే మళ్లీ దగ్గు. గొంతులో ఎవరో గడ్డిపరకతో గీకుతున్నట్లు ఉండేది. నాలుగో రోజున శరణమ్మ జాలిగా, "నువ్వు ఊరకుండు పెద్దమ్మా, నేను పాడతా" అంది. ఆ తర్వాత నాట్లు అయిపోయేదాకా ఓబమ్మ తల వంచుకుని, మాట లేకుండా నాటింది. ఆ రోజుల్లో నీళ్లలో మబ్బులు కనబడలేదు, బురద మాత్రమే కనబడింది.

"పాట లేకపోతే నేనేముండా మే?" అంది ఓబమ్మ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ పద్దెనిమిది మంది మాదిరే ఇంకొకదాన్ని. పాడితేనే నేను ఓబమ్మని."

గౌతమికి కోపం సగం కరిగింది. అయినా మెత్తబడితే పని చెడుతుందని గొంతు బిగించుకుంది. "పాడేదానికి ముందు బతకల్ల గదా అత్తా."

"మింగినోళ్లు బాగుపడింది లేదులే!" ఓబమ్మ చటుక్కున తలెత్తింది. ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్న అసలు మాట ఇప్పుడు బయటపడింది. "మా యక్క దినమూ మింగె. ఏమాయె? నోరు పడిపాయె, చెయ్యి పడిపాయె. మింగకుండానే నేను రాయి మాదిరి ఉండా. గుళిగె మంచిదైతే మా యక్కను ఏంటికి కాపాడలేదు?"

"పెద్దత్త దినమూ మింగిందని నీకెవరు చెప్పిరి?"

"అక్క కొడుకు హంపన్నే చెప్పె. బళ్లారిలో డాక్టరు అడిగితే నా ముందరే చెప్పె. దినమూ పొద్దున్నే వాళ్లమ్మ చేతిలో వాడే పెడ్తాండె."

గౌతమి అత్త ముఖంలోకే చూస్తూ నెమ్మదిగా అంది. "నేనూ దినమూ పెడ్తి, అత్తా."

బయట ఎవరిదో ట్రాక్టరు కాలువ దాటి వెళ్లిపోయింది. ఓబమ్మ లేచి చెప్పులేసుకుంది. గౌతమి ఆ మాత్ర పట్టుకునే వెంట నడిచింది.

మద్దమ్మ ఇల్లు రెండు వీధులవతల. కొడుకు హంపన్న రైసుమిల్లుకు పోయాడు, అతని భార్య కూడా ఓబమ్మ గుంపులోదే, ఇంకా మడి నుంచి రాలేదు. మద్దమ్మ పంచలో నులకమంచం మీద దిండుకు ఆనుకుని, ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని, వీధిలో ఎండ నడిచిపోవడం చూస్తోంది. చెల్లెలిని చూడగానే ఆమె ముఖంలో సగం నవ్వింది. మిగతా సగం నవ్వడం మూడేళ్ల కిందటే మరిచిపోయింది.

ఆ తర్వాత ఎప్పుడూ చేసేదే చేసింది. ఎడమచెయ్యి ఎత్తి పైదూలం వైపు చూపించింది. దూలానికి కట్టిన పసుపు మూట పొగచూరి నల్లబడింది. మద్దమ్మ మంచాన పడకముందు తన చేత్తో కట్టుకున్న ముడుపు. మూడేళ్లుగా ఓబమ్మ వచ్చిన ప్రతిసారీ అక్క ఆ మూట చూపిస్తుంది. ప్రతిసారీ ఓబమ్మ ఒకే జవాబు చెబుతుంది. "తీరుస్తాంలే అక్కా. నువ్వు లేచి నడిచిన దినం మనిద్దరమూ పోయి అమ్మకిచ్చి వస్తాం." ప్రతిసారీ మద్దమ్మ మంచం పట్టెను చేత్తో చరిచి ఏడుస్తుంది. మొక్కు తీరలేదని దుఃఖం కాబోలు అని ఓబమ్మ కూడా ఏడ్చి, అక్క కళ్లు తుడిచి ఇంటికి పోతుంది.

ఈసారి ఓబమ్మ ఆ జవాబు చెప్పలేదు. చెయ్యి చూపించిన వైపు చూసింది, తిరిగి అక్కను చూసింది.

"అక్కా," అంది. గొంతు తనది కానట్లుంది. "దాన్ని ఇప్పేదా?"

మద్దమ్మ కళ్లు పెద్దవయ్యాయి. తల ఊపింది. ఒకసారి కాదు, ఆపకుండా ఊపుతూనే ఉంది.

గౌతమి మంచం కోడు మీద కాలు పెట్టి ఎక్కి ముడుపు దించింది. కట్టినవాళ్ల చెయ్యే విప్పాలన్నది కట్టుబాటు. అందుకని ఓబమ్మ మూటను అక్క ఒళ్లో పెట్టి, అక్క ఎడమచేతి వేళ్లను ముడి మీద పెట్టి, వాటి పక్కన తన వేళ్లు చేర్చింది. పసుపు, పొగ, మూడేళ్లు కలిసి ముడి రాయిలా బిగుసుకుంది. రెండు చేతులూ చాలాసేపు లాగాయి. చివరికి గుడ్డ చిరిగింది.

ముందు బియ్యం రాలాయి, పురుగు పట్టి పొడిపొడిగా. తర్వాత పసుపుకొమ్ము. ఆ తర్వాత తెల్లవి, పచ్చబడినవి, సగం పిండైపోయినవి, మద్దమ్మ ఒడి నిండా మాత్రలు.

ఓబమ్మకు మూడేళ్ల కిందటి ఆ నాట్ల కారు కళ్ల ముందుకు వచ్చింది. దానికి ముందు కొన్ని నెలలు అక్క కూడా దగ్గేది. ఉన్నట్టుండి దగ్గు పోయింది. ఆ నాట్లలో అక్క పాడిన పాట మళ్లీ ఎవరూ పాడలేరు. గట్టున పోయేవాళ్లు బండ్లు ఆపుకుని విన్నారు. మద్దమ్మ గొంతులోకి మారెమ్మే వచ్చి కూర్చుందని ఊరంతా చెప్పుకుంది. నలభై రోజులు అలా పాడి, ఒక మధ్యాహ్నం చరణం మధ్యలో ముందుకు వాలిపోయింది. వెనక చరణం అందుకోవడానికి నిలబడ్డది ఓబమ్మే. అందుకుంది కూడా. అక్క పడిపోయిందని తెలియక ఆ చరణం పూర్తి చేసింది.

"నువ్వు కూడానా అక్కా?"

మద్దమ్మ తల ఊపింది. ఆరోగ్యంగా ఉన్న కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"మూడేళ్ల నుంచి చెప్తానే ఉండావు. మొక్కు తీర్చమంటాండావు అనుకుంటి గదక్కా. ఇది చూడు, ఇది చూడు అంటాండావని నాకు తెలీకపాయె." ఓబమ్మ అక్క మోకాళ్ల మీద తల పెట్టి భోరున ఏడ్చింది. గుళిగె అక్కను కాపాడలేదని ఇన్నాళ్లూ దాని మీద కక్ష పెంచుకుంది. పాపం, దానికి అక్క కడుపులోకి పోయే యోగమే పట్టలేదు.

ఏడుపు ఆగగానే ఓబమ్మ ముఖం తుడుచుకుంది. ఆమె ఏది చేసినా నిండుగా చేసే మనిషి. చటుక్కున అక్క ఒళ్లోంచి గుప్పెడు మాత్రలు తీసుకుని నోటి దగ్గరికి తీసుకుపోయింది. "ఇడిసినవన్నీ ఇప్పుడే మింగేస్తా!"

గౌతమి దూకి మణికట్టు పట్టుకుంది. "అయ్యో అత్తా! అట్ల మింగరాదు! ఒకేసారి మింగితే బీపీ దబుక్కున పడిపోతాది, అదీ ప్రాణానికే. అందులో మూడేళ్ల నాటివి! ఉండు, నర్సమ్మను అడుగుతా."

ఫోను చేసి స్పీకరులో పెట్టింది. ముడుపు సంగతి చెప్పింది. అవతలి నుంచి రాజశ్రీ గొంతు పంచ అంతటా వినిపించింది. "పాతవి ఒక్కటి కూడా ముట్టనియ్యొద్దు గౌతమీ. ఇయ్యాల్టిది కూడా నేను వచ్చి చూసినాకే. నేను పక్కూర్లో ఉండా, బయల్దేరినా. ఇంకో మాట. మూతి ఒక పక్కకు పోయినా, చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా నా కోసం ఎదురు చూడొద్దు. వెంటనే నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యి. గొత్తాయితా, తెలిసిందా?"

చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా. ఓబమ్మకు మడి గుర్తొచ్చింది. జారిపోయిన నారుకట్ట, నీళ్లలో వెతుక్కున్న మాట. అప్పుడు గౌతమి కాలువ దగ్గర ఉంది, ఆమెకు తెలియదు. చెప్పాలి. ఒక్క మాటే కదా. ఈసారి దాచకూడదు. ఓబమ్మ కోడలి వైపు తిరిగింది.

అప్పుడే మద్దమ్మ ఎడమచెయ్యి మంచం పట్టె మీద తాళం వేయడం మొదలుపెట్టింది. తక్, తక తక్. మూడేళ్లుగా గుండె మీద ఉన్న బరువు దిగినందుకో ఏమో, ఆమె సగం ముఖమే పూర్తి ముఖంలా వెలుగుతోంది. చెల్లెలిని పాడమంటోంది. ఓబమ్మకు ప్రాణం ఉప్పొంగింది. పాడి చెప్దాంలే, ఎంతసేపు, రెండు చరణాలు, అనుకుంది. గౌతమి చేతిలోని ఆ రోజు మాత్రను అడిగి తీసుకుని కుడిచేతి వేళ్లతో పట్టుకుంది.

"చూడక్కా. నర్సమ్మ రాంగానే అడిగి దీన్ని మింగుతా. రేపు సిరుగుప్పకు పోతా, దగ్గు రానిది రాపిచ్చుకుంటా. మళ్ల నీ దగ్గరికొచ్చి పాడతా. ఇప్పుడు ఇను."

వీధిలో ఎండ పచ్చగా కాగింది. ఓబమ్మ కళ్లు మూసుకుంది. పంచ లేదు, మంచం లేదు. మడి నిండా ఆకాశం ఉంది. మబ్బులు కాళ్ల మధ్యకు వచ్చి నిలబడ్డాయి.

"మబ్బు దిగి రావమ్మ మారెమ్మ తల్లీ..."

ఎంత బాగా వస్తోంది! గొంతు ఎన్నడూ ఇంత తేలిగ్గా లేదు. అక్క పాత గొంతు కూడా ఎక్కడి నుంచో వచ్చి పక్కన కలిసింది. మా మడి, నీళ్లల్ల, మొగం, జూసుకోవే. ఒక్క మాట కూడా తప్పిపోలేదు. పద్దెనిమిది చేతులు ఒక్కసారి మునిగి లేచాయి. ఓబమ్మ ఇంకో అడుగు వెనక్కి వేసింది.

తాళం ఆగిపోయింది. ఎందుకు ఆపావక్కా అని కళ్లు తెరిచి చూసింది. మద్దమ్మ చెయ్యి గాలిలో అలాగే నిలిచిపోయింది. ఆమె చెల్లెలి నోటి వైపు చూస్తోంది. ఆ చూపు ఓబమ్మ ఎరగనిది. మూడేళ్లుగా మూగబోయిన గొంతులోంచి ఒక కేక వచ్చింది, మాట కాని కేక, వీధి చివరిదాకా వినిపించే కేక. తెల్ల మాత్ర ఎప్పుడు జారిందో, నేల మీద దొర్లి గడప దగ్గర ఆగింది. గౌతమి నూట ఎనిమిదికి ఫోను కలిపి ఊరి పేరు, వీధి పేరు మళ్లీ మళ్లీ అరుస్తోంది. ఆమె చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి.

ఓబమ్మ పాట ఆపలేదు. ఇంత బాగా పాడుతుంటే వీళ్లిద్దరూ ఎందుకు ఏడుస్తున్నారో ఆమెకు అర్థం కాలేదు.